వంటచెరకు, ఊక, గడ్డి: మనుబోలు సీమ యింధన చరిత్రము

దేశచరిత్రములు వ్రాయువారు రాజుల వంశక్రమములను, యుద్ధములను, దానశాసనములను ఎంత శ్రద్ధతో వెదకుదురో, ఇంటి పొయ్యిలో ఏమి మండెనన్న సంగతిని అంత అశ్రద్ధతో విడిచిపెట్టుదురు. పదుమూడవ శతాబ్దమున నెల్లూరు నేలిన మనుమసిద్ధిని మనమెరుగుదుము. ఆయన యాస్థానమున మంత్రియు కవియు నైన తిక్కన యజ్ఞము చేసి సోమయాజి యనిపించుకొనెననియు నెరుగుదుము. యజ్ఞములో వ్రేల్చదగిన సమిధ లేయే చెట్లవో చెప్పగల శ్రోత్రియులు నేటికిని గలరు. కాని ఆ పట్టణములోని పొయ్యిలలో దినదినము ఏది మండెనో, దానిని ఎవరు ఎంతదూరము నడచి యేరి తెచ్చిరో, ఏ రాతిపలకయు చెప్పదు. సమిధకును వంటపుల్లకును భాషలో మాత్రము బంధుత్వము గలదు. 'ఇంధ్' అను ధాతువునకు మండించుట యర్థము. ఇంధనము, ఇధ్మము, సమిధ అన్నియు దాని సంతానమే. తెలుగువారు దీనికి 'వంటచెరకు' అని చక్కని పేరు పెట్టిరి. మండెడి పుల్లను చెరకుతో పోల్చిన జాతికి దాని విలువ తెలియదనుట సాహసము.

ఈ వ్యాసమున మేము చెప్పదలచినది నెల్లూరు సీమలో, అందును మనుబోలు ప్రాంతమున, పంటపొలము ఇంధనమును కూడ పండించిన విధమును, ఆ యింధనముపై ఎవరికి హక్కు అను తగవు కాలక్రమమున పెరిగిన విధమును. నేడు పత్రికలలో 'జీవద్రవ్యము' అను మాట విరివిగా కనబడుచున్నది. ఊక, గడ్డి, పత్తికట్టె, వేరుసెనగపొట్టు మొదలగు వానిని కాల్చి విద్యుత్తు తీయవచ్చుననియు, బొగ్గువలె ఇది తరిగిపోవునది కాదనియు, ఏటేట నేల మరల ఇచ్చుననియు చెప్పుచున్నారు. మాట నిజమే. అయితే దీనిని నిన్నమొన్న కనిపెట్టిన వింతగా చెప్పుట మాత్రము చరిత్ర యెరుగనివారి పని.

మనుబోలు నెల్లూరికి దక్షిణముగా, గూడూరికి ఉత్తరముగా, మదరాసు పోవు రాజమార్గముపై నున్నది. తూర్పున కొంతదూరమున కృష్ణపట్టణపు రేవు, ఉప్పుటేళ్లు. చుట్టును చెరువులక్రింది వరిపొలములు. ఈ సీమ పేరే వరినిబట్టి వచ్చినదని చెప్పువారు గలరు. అరవమున 'నెల్' అనగా వడ్లు. ఉసిరిచెట్టును బట్టి వచ్చినదని వాదించువారును గలరు గాని, ఇక్కడి మొలగొలుకుల బియ్యపు రుచి యెరిగినవారికి మొదటి వాదమే మనసున కెక్కును. 1855లో పెన్నపై నెల్లూరు ఆనకట్టయు, తరువాత సంగము ఆనకట్టయు, మన కాలమున సోమశిల జలాశయమును వచ్చి వరిని స్థిరపరచినవి.

ఈ జిల్లాలో ధాన్యపు కొలత పుట్టి. నేటి లెక్కలో నెల్లూరు పుట్టి యనగా 850 కిలోలు. అందులో ఇంచుమించు ఐదవ వంతు, అనగా 170 కిలోలు, ఊక. గడ్డి ఇంచుమించు ధాన్యమంత బరువు దిగును. కావున ఒక పుట్టి వడ్లు ఇంటికి తెచ్చుకొన్న రైతు ఇంకొక పుట్టికి పైగా తినరాని పదార్థమును గూడ పండించుచున్నాడు. పాతకాలమున ఈ రెండవ పుట్టి ఎక్కడికి పోయెను? గడ్డి వాములకెక్కి పశువుల మేతయయ్యెను. కొంత ఇండ్ల కప్పులకెక్కెను. కొంత ఎరువుగుంటలో పశువులక్రింద పడి మరల పొలము చేరెను. ఊకను పశువులు తినవు. అందులో ఇసుకజాతి పదార్థము మెండు. అది కుమ్మరి ఆవమునకును, ఇటుకబట్టీకిని, బీదల యిండ్లలో ఊకపొయ్యికిని పోయెను. దాని బూడిదతో అంట్లు తోమిరి, కొందరు పండ్లును తోముకొనిరి. పేడ కొంత పొలమునకు, కొంత పిడకలై గోడకు. దేనిపైనను 'వ్యర్థము' అను చీటి యంటించి యుండలేదు. 'ఊకదంపుడు' అను పలుకుబడిలో ఊకను దంచుట వ్యర్థమన్నారే గాని ఊక వ్యర్థమనలేదు. ఈ భేదము నేటి ప్రణాళికాకర్తలు గమనింపదగినది. 'వృథాగా పడియున్న ఊక' అని వ్రాసిన ప్రతి కాగితము వెనుకను, ఆ ఊకను అంతవరకు ఉచితముగా గంపకెత్తుకొనిపోవుచుండిన యొక స్త్రీ కనబడకుండ పోవుచున్నది.

పొలపు శేషముపై కాక అడవిపై మొదటి దెబ్బ పడినది పందొమ్మిదవ శతాబ్దపు నడుమ. 1856 జులై 1వ తేదీన మదరాసు రాయపురమునుండి ఆర్కాటు వైపు దక్షిణదేశపు మొదటి రైలు నడచెను. ఆ యేడే మదరాసు ప్రభుత్వము అటవీశాఖను నెలకొల్పి, క్లెగ్‌హార్న్ అను వైద్యుని దాని యధిపతిగా నియమించెను. ఈ రెండును ఒకే యేట జరుగుట కాకతాళీయమని మేమనుకొనము. రైలుపట్టాల క్రింది దిమ్మెలకు కలప, యంత్రపు పొయ్యికి కట్టె. క్లెగ్‌హార్న్ 1861లో ప్రకటించిన దక్షిణభారతపు అడవుల గ్రంథమున రైలు కోరు కట్టెను గూర్చిన చింత స్పష్టముగా గలదు. ఆ చింతనుండియే తీరపు ఇసుకనేలలలో సరుగుడు తోపులు లేచినవి. కొందరు సర్వియనియు, మావైపువారు సవకయనియు పిలుచు ఈ చెట్టు ఈ నేలది కాదు. కాని ఉప్పుగాలికి, ఇసుకకు జంకక, కొలది యేండ్లలోనే కోతకు వచ్చును. నేడు నెల్లూరు తీరమున సవకతోపు లేని దృశ్యము ఊహింపజాలము. ఇంతటి సనాతనముగా కనబడు ఆ తోపు, చూడబోయిన, రైలుబండి ఆకలికి పుట్టిన బిడ్డ.

తోపులో కొట్టిన కట్టె మదరాసు చేరుటకు త్రోవ బకింగుహాము కాలువ. 1806లో మదరాసు కుత్తరమున చిన్నకాలువగా మొదలై, అంచెలంచెలుగా ఉత్తరమునకు సాగి, 1876-78 నాటి ధాతుకరవులో కూలిపనిగా మదరాసు పట్టణపు నడుమ భాగము త్రవ్వబడి, 1878లో గవర్నరు పేరు పెట్టించుకొన్న కాలువ ఇది. పెదగంజాము మొదలు మరక్కాణము దాక 420 కిలోమీటర్ల పొడవున నెల్లూరు తీరమును ఒరసికొని పోవును. ఈ కాలువపై పడవలు ఉప్పును, బియ్యమును, ఎండుచేపలను, అన్నిటికి మించి వంటకట్టెను మోసినవి. మదరాసు నగరపు కాఫీ నెల్లూరు కట్టెమీద కాగెను. ఊరి యింధనము నగరమునకు తరలిపోవుట, ఊరివారు పేడను పొయ్యికి మరల్చుట, ఈ రెండింటికిని సంబంధమును వెదకినవాడు 1889లో మన దేశమునకు వచ్చిన రసాయనశాస్త్రజ్ఞుడు వోల్కరు. 1893లో ప్రకటితమైన ఆయన నివేదికలో ముఖ్యమైన మాట యిది: హిందూదేశపు రైతు ఎరువు విలువ తెలియక పేడను కాల్చుటలేదు, కట్టె లేక కాల్చుచున్నాడు, కావున ప్రతి ప్రాంతమునను వంటకట్టెకు, పశువుల మేతకు ప్రత్యేకముగా తోపులు పెంచవలెను. ఇంత సానుభూతితో మన రైతును చూచిన పరాయి పండితులు ఆనాడు తక్కువ.

ప్రభుత్వము విన్నదా యనిన, అర్ధముగా విన్నది. 1882 నాటి మదరాసు అటవీచట్టము అడవులకు ఎల్లలు కట్టెను గాని, ఆ యెల్లల లోపలి గడ్డిపుల్లకు పన్ను కట్టెను. పలనాడులో ఆ పుల్లరి నెదిరించి 1922 ఫిబ్రవరిలో కన్నెగంటి హనుమంతు తుపాకిగుండ్లకు ప్రాణమిచ్చిన కథ తెలుగువారికి చెప్పనక్కరలేదు. స్వాతంత్ర్యోద్యమ వీరగాథగా దానిని చదువుట సమంజసమే. మేత, కట్టె ఎవరివన్న తగవుగా గూడ దానిని చదువవలెను.

ఇంకొక పరిష్కారమునకు ముళ్లు మొలచినవి. 1876-77లో అటవీయధికారి బెడ్డోము విదేశమునుండి విత్తనములు తెప్పించి, కడప జిల్లా కమలాపురమున నాటించిన చెట్టే నేటి సర్కారు తుమ్మ. వంటకట్టె కరవు తీర్చుటకు తెచ్చిరి. అది తీర్చినది గూడ. నీరులేని నేలలో బ్రతుకును, నరికినకొలది చిగుర్చును, దాని బొగ్గు మేలైనది. కాని చెరువుగర్భములను, పోరంబోకులను, బీళ్లను ఆక్రమించి మరియొక మొక్కను మొలవనీయకున్నది. మంచి యుద్దేశముతో తెచ్చిన యింధనపు మొక్క నూరేండ్లలో ఎట్లు ప్రవర్తించునో తెలిసికొనగోరువారు నెల్లూరు జిల్లాలో ఏ చెరువుకట్ట యెక్కి చూచినను చాలును.

1899లో బెజవాడ, మదరాసులను కలుపు రైలుమార్గము పూర్తియై మనుబోలు మీదుగా బండ్లు నడువసాగినవి. అంతకు పదియేండ్ల ముందే, 1889లో, నిజాము రాజ్యమున ఇల్లందు గనులలో బొగ్గు త్రవ్వకము మొదలైనది. రైలు క్రమముగా కట్టెను విడిచి బొగ్గును పట్టెను. అడవులకు కొంత యూరట గలిగినదని చెప్పవచ్చును.

ఊక తొలుత యంత్రమును త్రిప్పిన చోటు మన దేశము కాదు, రంగూను. పందొమ్మిదవ శతాబ్దపు రెండవ భాగమున ఐరోపాకు బియ్యమెగుమతి చేయుటకై అక్కడ లేచిన ఆవిరిమరలు, బొగ్గు దూరమగుటచే, తాము ఆడించిన వడ్ల ఊకనే తమ కొలిమిలో వేసికొనినవి. మర తన యింధనమును తానే పుట్టించుకొనును. పైగా ఊక గుట్టలు పడి నదిని పూడ్చు బాధ తప్పును. ఇంత చక్కని యేర్పాటును మనము నేడు గ్రంథములలో చదివి మెచ్చుకొనుచున్నాము. కాని ఆ మరలలో బస్తాలు మోసినవారును, కొలిములయొద్ద ఉడికినవారును పెక్కుమంది సముద్రము దాటి పోయిన తెలుగు కూలీలు, అక్కడివారు 'కోరంగీ'లని పిలిచినవారు. 1930లో రంగూను రేవున తెలుగువారిపై జరిగిన దొమ్మిలో అట్టివారు అనేకులు మడిసిరి. తిరిగి వచ్చినవారిలో కొందరైనను ఊకమంటతో మర యాడుట కన్నులార చూచినవారే యుండిరి. తరువాత మన జిల్లాలోని బియ్యపుమరలును ఉప్పుడుబియ్యమునకు వడ్లు ఉడికించుటకు ఊకనే కాల్చినవి. ఊకకు ఇంతకంటె సహజమైన వినియోగము మాకు తోచదు. పుట్టినచోటనే మండును, మోతఖర్చు లేదు, ఆవిరి పక్కగదిలోనే పనికి వచ్చును.

రెండవ ప్రపంచయుద్ధము వచ్చి పెట్రోలునకు చీటీలు పెట్టినప్పుడు తెలుగుదేశపు రోడ్లపై ఒక విచిత్రవాహనము వెలసెను. పెద్దలు దానిని 'బొగ్గుబస్సు' అనిరి. వెనుకభాగమున నిలువెత్తు ఇనుపపీపా; అందులో కట్టెబొగ్గు. చాలినంత గాలి తగులనీయక బొగ్గును రాజబెట్టినచో, అది పూర్తిగా కాలక, మండుస్వభావముగల వాయువును విడుచును. దానిని వడకట్టి చల్లార్చి ఇంజనులోనికి పంపిన బండి నడచును. తెల్లవారుజామున క్లీనరు చక్రము త్రిప్పి త్రిప్పి పొయ్యి రాజేయుటయు, మిట్ట వచ్చినప్పుడు ప్రయాణికులు దిగి త్రోయుటయు నాటి ప్రయాణములలో భాగము. పెట్రోలుతో వచ్చు బలములో మూడవ వంతుకు పైగా ఇందులో తగ్గును. ఆ వాయువు ప్రాణాంతకము గూడ; మూసిన కొట్టులో బండిని నడిపినవారికి అపాయము. అయినను యుద్ధమున్నంతకాలము తెలుగు జిల్లాలలో రాకపోకలు నిలువకుండ కాపాడినది ఆ పీపాయే. ఐరోపాలోను ఇదియే కథ. ఫ్రాన్సుదేశీయుడైన ఇంబర్టు 1920ల నాట రూపొందించిన కట్టెవాయు యంత్రముతో జర్మనీలో ఐదు లక్షల వరకు బండ్లు నడచెనందురు.

యుద్ధము ముగిసెను, పెట్రోలు వచ్చెను, పీపా పాతయినుము బేరమునకు పోయెను. మాకు చింత గలిగించు సంగతి యిదియే. ఐదారేండ్లు వేలమంది కమ్మరులు, డ్రైవర్లు, మెకానిక్కులు చేతులతో నేర్చిన విద్యను ఎవరును గ్రంథస్థము చేయలేదు, పాఠశాలలో చెప్పలేదు. 1973లో చమురుధర మండినప్పుడు అదే వాయువిద్యను ప్రయోగశాలలలో మరల మొదటినుండి ఆరంభింపవలసి వచ్చినది.

వంటయింటి సంగతికి వత్తము. ఊకయైనను, కట్టెయైనను, పిడకయైనను, కాల్చునది స్త్రీ, పొగ త్రాగునది స్త్రీ. సంఘసంస్కారమని స్త్రీవిద్యను, వితంతువివాహమును గూర్చి శతాబ్దముపాటు వాదించిన మనవారు పొగగొట్టమును గూర్చి వాదించినది అత్యల్పము. వార్ధాలో 1934లో ఏర్పడిన గ్రామపరిశ్రమల సంఘమున జె. సి. కుమారప్ప మొదలగువారు పొయ్యిని, దీపమును బాగుచేయ యత్నించిరి. మన తెలుగునాట హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయములో ఎస్. పి. రాజుగారు చేసిన పని మరువరానిది. ఆయన మట్టితోనే, రెండుమూడు కుండలు వరుసగా నొకే మంటపై కూర్చుండునట్లు, పొగ గొట్టముగుండ కప్పు దాటిపోవునట్లు పొయ్యిని కుదిర్చెను. 1953లో 'లక్షలాది వంటిండ్లకు పొగ లేకుండ' అను నర్థము వచ్చు పేరుతో ఆంగ్లమున చిన్నపుస్తకము ప్రకటించెను. ఇనుము అక్కరలేదు, కొనవలసినది లేదు. కొలతలు తెలిసిన చాలును. గొప్పవారి అనేక గ్రంథములకంటె ఆ చిన్నపుస్తకము మన యిండ్లకు ఎక్కువ మేలు తలపెట్టినదని మా నమ్మిక.

మరి అది ఇంటింట ఎందుకు నిలువలేదు? గొట్టము మసిపట్టి పూడిపోవును, ఏటికి పలుమారులు దులుపవలెను, దులుపువారు లేరు. తాటాకు కప్పునుండి గొట్టము బయటికి తీసినచో నిప్పురవ్వ భయము. పొయ్యి కొలత చెడినచో మంట వెనుకకు తన్నును. వీనికంటె పెద్ద కారణము మరియొకటి: ఇంటి ఖర్చు చేతిలోనున్న పురుషునకు పొగ తగులదు. 1980లలో ప్రభుత్వము మెరుగుపొయ్యిలను పంచినప్పుడును లెక్కపుస్తకములలో ఎక్కినన్ని ఇండ్లలో వెలుగలేదు. 1999లో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 'దీపము' పేరున స్త్రీసంఘముల సభ్యులకు గ్యాసుపొయ్యిలను, 2016లో కేంద్రము 'ఉజ్జ్వల' పేరున దేశమంతట గ్యాసును ఇచ్చిన తరువాతగాని పల్లెలలో స్త్రీల కన్నులకు నిజమైన యూరట కలుగలేదు. జీవద్రవ్యమును ప్రశంసించు వ్యాసములో గ్యాసును మెచ్చుకొనుట యేమని చదువరులడుగవచ్చును. పొయ్యిలో కాల్చు కట్టె తరగని యింధనమే. ఊపిరితిత్తులు అట్టివి కావు.

ఇప్పుడు విద్యుత్తు. 1997 నవంబరు 18వ తేదీన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఊక, కట్టె, చెరకుపిప్పి మొదలగువానితోను, గాలితోను విద్యుత్తు తీయువారికి యూనిటునకు 2 రూపాయల 25 పైసలు, ఏటేట నూటికి ఐదు చొప్పున పెంపు అని ఉత్తర్వు చేసెను. ఆ మాట నమ్ముకొని రాష్ట్రమున అనేక చోట్ల ఆరేసి మెగావాట్ల కర్మాగారములు లేచినవి. దేశమునకు తెలుగుసీమ ఇందులో మార్గదర్శకమైనదని చెప్పుట అతిశయోక్తి గాదు.

ఆరు మెగావాట్లనగా ఏమో మా విద్యార్థులచేత నల్లబల్లపై లెక్క వేయించినాము. యూనిటునకు సుమారు 1.3 కిలోల ఊక కావలెను. అనగా ఒక పుట్టి వడ్ల ఊకనుండి 130 యూనిట్లు. నెలకు నూరు యూనిట్లు వాడు చిన్న యింటికి నలుబది దినముల వెలుగు. వినుటకు ఎంత ఇంపు! ఇక కర్మాగారము వైపునుండి చూతము. ఆరు మెగావాట్లు రాత్రింబగళ్లు నడచినచో దినమునకు 1,44,000 యూనిట్లు; దానికి 187 టన్నుల ఊక; అది 1,100 పుట్ల వడ్లలోనిది. ఎకరమునకు మూడు పుట్లు పండినను, దినమునకు 367 ఎకరముల పంట. ఏటికి 330 దినములు నడచినచో లక్షా ఇరువదియొక వేల యెకరముల ఊక. ఇంత ఊకను ఒక్క చిన్న కర్మాగారము మింగును. మనుబోలు మండలమంతయు ఏకమై పండించినను దాని కడుపు నిండదు.

ఇక మోత. ఘనమీటరు బొగ్గు ఎనిమిది వందల కిలోల మాట తూగును. అంతే చోటు పట్టు ఊక నూరు కిలోలకు కొంచెమెక్కువ. లారీనిండ ఊక పోసినను అందులో అధికభాగము గాలి. కావున దూరము పెరిగినకొలది ఊకకంటె దానిని మోయు డీజిలునకే ఖర్చు ఎక్కువగును. ఇన్ని కర్మాగారములు ఒకే ఊకకై పోటీపడగా దాని ధర లేచెను. ఉచితముగా నుండినది టన్నునకు వందలు, పిమ్మట వేలు పలికెను. ఇటుకబట్టీవాడు వగచెను. ఊకపొయ్యి బీదరాలి సంగతి ఎవరును లెక్కలోనికి తీసికొనలేదు, ఆమె ఊకను కొనినట్లు ఏ చిట్టాలోను లేదు గనుక. కర్మాగారములవారు సర్కారు తుమ్మపై పడిరి. కమలాపురపు మొక్కకు నూటపాతికేండ్లకు ఇట్లు కొత్త గిరాకి వచ్చెను.

విద్యుత్తు ధర మాత్రము ఇంధనపు ధరతో సమానముగా లేవలేదు. 2001 జూనులో విద్యుత్ నియంత్రణ మండలి ఈ విద్యుత్తును ప్రభుత్వసంస్థకే అమ్మవలెనని నియమించెను. 2004 మార్చిలో ధరను క్రొత్తగా కట్టెను. ఉత్పత్తిదారులు వ్యాజ్యమునకు పోయిరి. ఆరేండ్ల తరువాత, 2010 జులై 8వ తేదీన, సుప్రీముకోర్టు ధర నిర్ణయించు నధికారము మండలికి గలదని చెప్పి, ఉత్పత్తిదారుల వాదము విని మరల తేల్చుమని పంపెను. న్యాయము నిదానముగా నడచును. బాయిలరునకు దినదినము మేత కావలెను. ఈలోపల పెక్కు కర్మాగారములు మూతపడినవి. ప్రభుత్వము మాట తప్పినదని ఒకరు, ఉత్పత్తిదారులు ఆశపడిరని ఒకరు అందురు. మా దృష్టిలో అసలు లోపము అంతకు ముందే గలదు. ఇంధనము ఎవరి కళ్లమునుండి, ఎంత దూరమునుండి, ఏ నెలలో వచ్చునో చూడక, మెగావాట్లకు మొదట అనుమతియిచ్చి పిదప ఊకను వెదకిరి.

గడ్డిది వేరొక చిక్కు. 1992లో పంజాబులోని జల్‌ఖేరిలో వరిగడ్డితో నడుపుటకు పది మెగావాట్ల కర్మాగారము కట్టిరి. వరిగడ్డిలోని పొటాషు, క్లోరిను బూడిదను కరగించి బాయిలరు గొట్టములకు అంటగట్టును; తడిసిన గడ్డి మండదు; ఎండిన గడ్డికి ఇంత చోటు కావలెను. అది సాగలేదు. డెన్మార్కు దేశమున హస్లెవ్ అను ఊర 1989లో గోధుమజాతి గడ్డితో మొదలిడి, 1993 నాటి రాజకీయపు టొడంబడికతో ఏటికి పన్నెండు లక్షల టన్నుల గడ్డిని కాల్చుటకు నిశ్చయించిరి. వారు మెలకువతో చేసిన పని యొకటి గలదు: విద్యుత్తు తీయగా మిగిలిన వేడినీటిని ఊరి యిండ్లకు చలికాలమున పంపిరి. మనకు ఆ చలి లేదు. ఉప్పుడుబియ్యపు మరకు మాత్రము ఏడాది పొడుగున ఆవిరి కావలెను. రంగూను మరలవాని తెలివి ఇక్కడ మరల స్మరింపదగును.

మనుబోలు తూర్పున, నేలటూరులో, దామోదరము సంజీవయ్యగారి పేరిట 2015లో ఎనిమిదేసి వందల మెగావాట్ల రెండు యంత్రములును, 2022 అక్టోబరులో మూడవదియు బొగ్గుతో నడువసాగినవి. వరిచేల నడుమ నిలిచిన ఆ గొట్టములకు బొగ్గు వచ్చునది దూరప్రాంతములనుండి. 2021 అక్టోబరులో కేంద్ర విద్యుచ్ఛక్తి శాఖ ఇట్టి బొగ్గుకేంద్రములు నూటికి ఐదు వంతులు పంటశేషములతో చేసిన గుళికలను కలిపి కాల్చవలెనని విధాన మేర్పరచెను. ఉద్దేశము ముఖ్యముగా పంజాబు, హర్యానాల పొలాల మంటను ఆపుట. నేలటూరునకు ఆ లెక్క వేసి చూచినాము. మూడు యంత్రములు నిండుబలముతో నడచినచో దినమునకు 38,000 టన్నుల పైచిలుకు బొగ్గు. అందులో నూటికైదనగా 1,900 టన్నుల గుళికలు. పైన చెప్పిన ఆరు మెగావాట్ల కర్మాగారము వంటివి పదింటికి చాలు మేత.

ఈ మేత యొక్క రెండవ బేరగాడు నిజముగా మేత మేయువాడే. వరికోత యంత్రము వచ్చిన తరువాత గడ్డి పొలములో చెల్లాచెదరుగా పడుచున్నది. పాతకాలపు కోతవలె పనలు కట్టరాదు. కూలి దొరకని రైతు దానిని కాల్చుటయు, దున్నివేయుటయు గలదు. ఇటీవల చుట్టలు కట్టు యంత్రములు వచ్చి గడ్డిని మరల అమ్ముడుసరకుగా చేసినవి. పాడిపశువులవారు కొనుచున్నారు. కరవు వచ్చిన యేట పడమటి మెట్టమండలములవారు ఈ తీరపు గడ్డికై లారీలు పంపుదురు. గుళికల కర్మాగారము ఇదే చుట్టకు అర్ధరూపాయి ఎక్కువ యిచ్చినచో, ఒక గేదెతో బ్రతుకు విధవరాలు ఆ చుట్టను ఎక్కడ తెచ్చుకొనును? 2025 ఏప్రిలులో ప్రకాశము జిల్లా కనిగిరి ప్రాంతపు దివాకరపల్లెలో గడ్డిని కుళ్లబెట్టి వాయువు తీయు పెద్ద కర్మాగారమునకు శంకుస్థాపన జరిగెను. దానికై బంజరులలో ప్రత్యేకముగా ఏపుగడ్డిని పెంచుదురట. బంజరు అని దస్తావేజులో వ్రాసిన నేలలో ఇప్పటికే ఎవరి గొఱ్ఱెలు మేయుచున్నవో మొదట కనుగొని పిదప గడ్డి నాటినచో మంచిది.

మేము ఈ ప్రయత్నములకు విరోధులము గాము. ఎక్కడనో సముద్రముల కావల త్రవ్విన బొగ్గుకంటె మన కళ్లములో మిగిలిన ఊక మేలని ఒప్పుకొనుచున్నాము. పంటశేషమునకు మొదటి హక్కు నేలది. దున్నిన గడ్డియే దాని యాహారము. రెండవది పశువుది. మూడవది దానిని ఇంతవరకు ఉచితముగా ఏరుకొనినవారిది. ఆ తరువాత మరకు, అటుపిమ్మట కర్మాగారమునకు. ఈ వరుసను త్రిప్పి, మొదట కర్మాగారము కొలత నిర్ణయించి మిగిలినవారిని సర్దుకొమ్మనుటచేతనే 1997 నాటి యత్నము పాడయ్యెను. పైగా ఊకబూడిదలో నూటికి ఎనుబదియైదు వంతులకు మించి ఇసుకసారము గలదు. సిమెంటులోను, ఇటుకలోను కలుపదగినది. బియ్యపుమరల వెనుక ఆ బూడిద గాలికెగిరి పొరుగిండ్ల తడిబట్టలపై వాలుచున్నది. మనుబోలులో ఎవరైన ఒక మరయజమాని తన ఊకతో తన వడ్లను ఉడికించి, అదే యావిరితో తన మరను త్రిప్పి, బూడిదను ఇటుకలవానికి అమ్ముకొనదలచినచో, దానికి కావలసిన బాయిలరు ఎంతది, ఎంత ఖర్చు, బ్యాంకు ఎంత యిచ్చును, పొగకు వడపోత యేది అని తెలుగులో చెప్పు ఇరువది పుటల పుస్తకమొకటి కావలెను. రాజుగారి పొయ్యి పుస్తకము వంటిది. దానిని వ్రాయదగిన ఇంజనీర్లు నెల్లూరిలో చాలమంది యున్నారు.